పలక మీద కిటికీలు

పిల్లలూ! చల్లపల్లి నుంచి ఏ వైపు వెళ్ళినా, అటు మొవ్వ, కూచిపూడి వైపు కానివ్వండి, ఇటు ఘంటసాల వైపు కానివ్వండి, కాలవలూ, వరిచేలూ కనిపిస్తాయి. ఆ చేలు అంతా ఒకే మైదానంలాగా ఉండవు. మధ్య మధ్య గట్లు వేసి, మళ్ళు మళ్ళుగా విడదీసి ఉంటాయి. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా?

చూడటానికి నేలంతా చదునుగానే ఉంటుంది. కాని అందులో కొంత మెరక, కొంత పల్లం తప్పదు. గట్లు లేకపోతే నీరంతా పల్లానికి చేరుతుంది. మెరకమీది పైరు ఎండిపోతుంది, పల్లంలోని పైరు కుళ్ళిపోతుంది. గట్టు ఉంటే ఏ మడికి కావలసిన నీరు ఆ మడిలో నిలుస్తుంది. అయితే గట్టు ఊరికే రాదు. ప్రతి గట్టూ కొంత నేలను తినేస్తుంది. మళ్ళు మరీ చిన్నవి చేస్తే పైరు కంటె గట్లే ఎక్కువవుతాయి. అరక తిరగటానికి కూడా చోటు చాలదు.

సరిగ్గా ఇటువంటి లెక్కే పెద్ద ట్యాబ్లెట్లు తయారు చేసే ఇంజనీర్లు కూడా వేసుకోవలసి వచ్చింది. ట్యాబ్లెట్టు అంటే మీకు తెలుసు: మన పలక వంటిదే, కాని దాని ముఖమంతా ఒక తెర. వేలితో తాకితే పని చేస్తుంది. ఆ తెరను కొన్ని భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగంలో ఒక్కొక్క పని జరిగేటట్టు చేస్తే, ఆ భాగాన్ని విండో, అనగా కిటికీ, అంటారు. ఎన్ని కిటికీలు పెట్టాలి, ఎంతెంత పెట్టాలి, వాటి మధ్య గట్టు ఎట్లా ఉండాలి అన్నదే ప్రశ్న.

అసలు రెండు కిటికీలు ఎందుకు?

ఒక పని అయ్యాక మరొకటి చూసుకుంటే సరిపోదా అని మీరు అడగవచ్చు. దీనికి జవాబు ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాలలోనే దొరుకుతుంది. 2020-21 విద్యా సంవత్సరంలో ఆ రాష్ట్ర ప్రభుత్వం ప్రాథమిక తరగతులకు కొత్త పద్ధతిలో పుస్తకాలు అచ్చు వేయించింది. పుస్తకం తెరిస్తే ఒక పుటలో తెలుగు పాఠం, దాని ఎదురుగా రెండవ పుటలో అదే పాఠం ఇంగ్లీషులో. అద్దంలో చూసినట్టు, ఇటు ఉన్న బొమ్మ అటూ ఉంటుంది.

దాని ఉపయోగం ఏమిటో చూడండి. ఇంగ్లీషు పుటలో ‘ఫొటోసింథసిస్’ అన్న మాట వచ్చిందనుకుందాం. అర్థం కాలేదు. కన్ను అలా పక్కకు తిప్పగానే ‘కిరణజన్య సంయోగక్రియ’ అని కనిపిస్తుంది. సూర్యకిరణాల వల్ల ఆకులో జరిగే పని అని మాటలోనే తెలిసిపోతుంది. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది. అదే తెలుగు పాఠం వేరే పుస్తకంలో ఉంటే? ఈ పుస్తకం మూసి, దాన్ని వెతికి తీసి, పుట తిప్పి, ఆ మాట పట్టుకునే లోపల, మనం దేని కోసం వచ్చామో సగం మరిచిపోతాం. రెండు వస్తువులను పోల్చి చూడాలంటే రెండూ ఒకేసారి కంటి ముందు ఉండాలి. పక్కపక్కన పెట్టి చూడటం కూడా ఆలోచించటంలో ఒక భాగమే.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి పిల్లలకు ట్యాబ్లెట్లు పంచారు. 2023లో అనేక ఉన్నత పాఠశాలల తరగతి గదులలో, నల్లబల్ల ఉండే గోడకు, వేలితో తాకి నడిపించే పెద్ద తెరలు అమర్చారు. అంటే, పుస్తకంలో రెండు పుటల మీద నడిచిన చదువు ఇక తెర మీద కూడా నడవాలన్నమాట. పుస్తకంలో ఎదురెదురు పుటలు వాటంతట అవే పక్కపక్కన ఉంటాయి. తెర మీద అవి అట్లా ఉండాలంటే ఎవరో ఒకరు ఆలోచించి, అమర్చి పెట్టాలి.

కాగితాల బల్ల

తెర మీద కిటికీలు అన్న ఆలోచన పిల్లలతోనే ముడిపడి ఉందంటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. 1972లో అమెరికాలో అలన్ కే అనే శాస్త్రజ్ఞుడు ఒక వ్యాసం రాశాడు. ఆ రోజుల్లో పెద్ద కంప్యూటరు ఒక గది అంత ఉండేది. అలన్ కే మాత్రం పిల్లలు చంకన పెట్టుకుని పోగలిగిన కంప్యూటరు గురించి రాశాడు. పలక వంటి ఆ యంత్రానికి ఆయన ‘డైనాబుక్’ అని పేరు పెట్టాడు. అది అప్పట్లో తయారు కాలేదు. కాని ఆయన పని చేసిన జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో 1973లో ‘ఆల్టో’ అనే కంప్యూటరు తయారయింది. దాని మీద ఆయన బృందం పని చేస్తూ, ఊళ్ళోని బడిపిల్లలను పిలిచి వారి చేత వాడించి చూశారు.

వారికి ఒక చిక్కు ఎదురయింది. తెర చిన్నది, చూడవలసినవి చాలా ఉన్నాయి. గుమాస్తా బల్ల మీద చోటు చాలకపోతే ఏం చేస్తాడు? కాగితం మీద కాగితం పెడతాడు. కావలసినప్పుడు అడుగు కాగితం అంచు పట్టుకుని పైకి లాగుతాడు. తెర మీద కూడా వారు అదే పని చేశారు. కిటికీలు ఒకదాని మీద ఒకటి పరిచి, కావలసినదాన్ని పైకి తెచ్చుకునే ఏర్పాటు చేశారు.

కాబట్టి కిటికీలు పెట్టటానికి రెండు మార్గాలు ఉన్నాయి. ఒకటి మడిచెక్కల పద్ధతి: ఒకదాని నొకటి కప్పకుండా, గట్లు వేసి పక్కపక్కన పెట్టటం. రెండవది కాగితాల బల్ల పద్ధతి: ఒకదాని మీద ఒకటి పెట్టటం. 1985లో మైక్రోసాఫ్ట్ సంస్థ విడుదల చేసిన మొదటి ‘విండోస్’లో కిటికీలు మళ్ళ మాదిరిగానే పక్కపక్కన ఉండేవి. 1987లో వచ్చిన రెండవ దానిలో ఒకదాని మీద ఒకటి పరిచే వీలు కల్పించారు.

ట్యాబ్లెట్లలో ఈ కథ మళ్ళీ మొదటి నుంచి జరిగింది. 2010లో ఆపిల్ సంస్థ తెచ్చిన మొదటి ఐప్యాడ్ తెర మీద ఒకసారి ఒకే పని కనిపించేది. 2011లో నోషన్ ఇంక్ అనే భారతీయ సంస్థ ‘ఆదమ్’ అనే పది అంగుళాల ట్యాబ్లెట్టును విడుదల చేసింది. అందులో తెరను నిలువు పట్టీలుగా విడదీసి, ఒక్కొక్క పట్టీలో ఒక్కొక్క పని కనిపించేటట్టు చేశారు. 2012లో శామ్‌సంగ్, 2015లో ఆపిల్, 2016లో ఆండ్రాయిడ్ ఏడవ రూపం ద్వారా గూగుల్, తెరను రెండుగా పంచే ఏర్పాటు తెచ్చాయి. 2025లో ఐప్యాడ్ మీద కూడా కిటికీలను ఇష్టం వచ్చినంత పెంచి, తగ్గించి, ఒకదాని మీద ఒకటి పెట్టుకునే వీలు వచ్చింది.

వేలు లావు, బాణం సన్నం

బల్ల మీది కంప్యూటరులో ఎప్పుడో కుదిరిన ఏర్పాటు ట్యాబ్లెట్టులో కుదరటానికి ఇంత కాలం ఎందుకు పట్టింది? దానికి ముఖ్య కారణం మీ చేతిలోనే ఉంది. అది మీ వేలు!

తాకే తెర అద్దం వెనుక కంటికి కనిపించని సన్నని విద్యుత్ గీతలు అడ్డంగా, నిలువుగా అల్లి ఉంటాయి. మన శరీరంలో విద్యుత్తు ప్రసరించగలదు గనక, వేలు తెరకు తగిలినప్పుడు ఆ చోట విద్యుదావేశంలో స్వల్పమైన మార్పు వస్తుంది. ఏ అడ్డగీతా, ఏ నిలువుగీతా కలిసిన చోట మార్పు వచ్చిందో యంత్రం లెక్క కట్టి, వేలు ఎక్కడ ఉన్నదీ తెలుసుకుంటుంది. తరవాత, ‘ఆ చోట అన్నిటి కంటె పైన ఉన్న కిటికీ ఏది?’ అని చూసి, తాకిన కబురు దానికి అందిస్తుంది.

మౌస్‌తో కదిలే బాణం మొన ఒక చుక్క అంత ఉంటుంది. వేలు అట్లా కాదు. అది ఒక మచ్చంత మేర తగులుతుంది. పైగా తాను తాకే చోటును తానే కప్పేస్తుంది. కిటికీని మూసే గుర్తు శనగ గింజంత ఉంటే, దాన్ని తాకబోయి పక్కదాన్ని తాకుతాం. అందుకే తాకవలసిన ప్రతి గుర్తుకూ సుమారు 9 మిల్లీమీటర్ల చదరం ఉండాలని గూగుల్ సంస్థ తన సూత్రాలలో చెప్పింది. ఆపిల్ సంస్థ కొలత కూడా ఐప్యాడ్ మీద సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు అవుతుంది.

రెండు కిటికీల మధ్య గట్టుకూ ఇదే చిక్కు ఉన్నది. ఆ గట్టును వేలితో జరిపి, ఒక కిటికీని పెంచి రెండవదాన్ని తగ్గించవచ్చు. గట్టు వెడల్పుగా ఉంటే తెరలో చోటు వృథా అవుతుంది. సన్నగా ఉంటే వేలికి దొరకదు. దీనికి ఇంజనీర్లు మంచి ఉపాయం కనిపెట్టారు. కంటికి గట్టు సన్నని గీతలాగా కనిపిస్తుంది. కాని ఆ గీతకు అటూ ఇటూ కొంత మేర తాకినా, గట్టునే పట్టుకున్నట్టు యంత్రం భావిస్తుంది. కంటికి ఒక గట్టు, వేలికి ఇంకొక గట్టు!

1954లో పాల్ ఫిట్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక పరీక్ష చేశాడు. కొంత దూరంలో రెండు లోహపు పట్టీలు పెట్టి, పుల్లవంటి పరికరంతో ఒకసారి దీన్నీ, ఒకసారి దాన్నీ వీలైనంత వేగంగా తాకమన్నాడు. పట్టీలు దూరమైన కొద్దీ, సన్నమైన కొద్దీ ఎక్కువ కాలం పట్టింది. ఇందులో వింతేమున్నదని అనకండి. ఎంత దూరానికి, ఎంత సన్నానికి, ఎంత కాలం పడుతుందో ఆయన లెక్కగా చూపించాడు. ఈనాటికీ గుర్తులను ఎక్కడ పెట్టాలో, ఎంత పెట్టాలో తేల్చటానికి ఆ లెక్క ఉపకరిస్తున్నది.

ఇక తెర పెద్దదైతే వచ్చే చిక్కులు చూడండి. 2015లో వచ్చిన పెద్ద ఐప్యాడ్ తెర, మూల నుంచి మూలకు సుమారు 13 అంగుళాలు. బరువు 700 గ్రాముల పైచిలుకు. దాన్ని రెండు చేతులతో పట్టుకుంటే బొటనవేళ్ళు అంచులకే అందుతాయి, నడిమికి అందవు. అదే బల్ల మీద పెడితే నడుమ సులువుగా అందుతుంది. గోడ మీది తెర సంగతి వేరు. కిటికీ మూసే గుర్తు పై మూలన పెడితే, ఎనిమిదో తరగతి పొడగరికి అందుతుంది, ఆరో తరగతి పొట్టివాడికి అందదు. వాడు కుర్చీ లాక్కుని ఎక్కవలసిందే! ఆ గుర్తును కిందకు దించితే ఇద్దరికీ అందుతుంది.

మరొక సంగతి. రాయటానికి తెర మీద అక్షరాల మీటలు పైకి వస్తాయి. పలకను అడ్డంగా పెట్టినప్పుడు అవి తెరలో ఇంచుమించు సగం ఎత్తు ఆక్రమిస్తాయి. మీరు ఏ పాఠం చూసి రాద్దామనుకున్నారో అది వాటి కింద దాగిపోతే, రెండు కిటికీలు ఉండీ ప్రయోజనం లేదు. పైగా మీటలు నొక్కితే అక్షరాలు ఏ కిటికీలో పడతాయో ముందే తెలియాలి. లేకపోతే నోటుపుస్తకంలో రాయవలసిన జవాబు వెళ్ళి నిఘంటువులో పడుతుంది. అందుకే పని జరిగే కిటికీ ఏదో అంచు రంగు వల్లనో, మరొక గుర్తు వల్లనో తెలిసేటట్టు చేయాలి.

తెలుగుకు ఎత్తు కావాలి

ఇప్పుడు మనకు అన్నిటి కంటె ముఖ్యమైన విషయానికి వద్దాం. గట్టు జరిపి కిటికీని సన్నం చేస్తే, లోపల ఉన్న పాఠం ఏమవుతుంది?

పాత పద్ధతిలో పాఠమంతా అదే ఆకారంలో చిన్నదైపోయేది. అక్షరాలు చీమలంత అయ్యేవి. కొత్త పద్ధతిలో, ‘నీకు ఇంత వెడల్పు మాత్రమే ఉన్నది, సర్దుకో’ అని యంత్రం ఆ కార్యక్రమానికి చెబుతుంది. అక్షరాలు అదే పరిమాణంలో ఉంటాయి, పంక్తులు మాత్రం పొట్టివై, సంఖ్యలో పెరుగుతాయి. పక్కన ఉన్న బొమ్మ కిందకు దిగుతుంది. పందిట్లో బంతికి చోటు చాలకపోతే విస్తళ్ళు కోయరు గదా, రెండు వరసలు మూడు వరసలు చేస్తారు!

కాని ఈ సర్దుబాటు ఇంగ్లీషును చూసి చేస్తే మన భాషకు సరిపోదు. ఇంగ్లీషు అక్షరాలకు కింద వత్తులు లేవు, పైన గుడులు లేవు. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ అన్న మాటలు రాసి చూడండి. అక్షరం కింద వత్తు, ఆ వత్తు పక్కన మరొక వత్తు, పైన గుడి దీర్ఘం! పంక్తుల మధ్య ఇంగ్లీషుకు చాలినంత చోటే ఇస్తే, పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులకు తగులుతాయి, లేదా సగానికి తెగిపోతాయి. అందుకే గూగుల్ సంస్థ తన సూత్రాలలో తెలుగును, హిందీని ఎత్తయిన లిపులలో చేర్చి, వాటికి పంక్తి ఎత్తు ఎక్కువ ఇవ్వాలని చెప్పింది.

వెడల్పు విషయం కూడా అంతే. మన మాటలు సంధులతో, సమాసాలతో పొడుగవుతాయి. సన్నని కిటికీలో ‘సంయోగక్రియ’ పట్టక విరగవలసి వస్తే, అక్షరం దగ్గర విరగాలి. ‘క్రి’ నుంచి వత్తును విడదీసి కింది పంక్తిలో పడేస్తే, దాన్ని చదవగల పండితుడు ఎవరూ లేరు.

పెద్ద సంస్థలు ఇవన్నీ చూసుకోవా అంటారేమో. 2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. ‘జ్ఞా’ అన్న మన అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన కూర్పుతో రాసి పంపితే, ఐఫోనులలో దాన్ని చూపించబోయిన కార్యక్రమాలు టక్కున ఆగిపోయాయి. ప్రపంచమంతా ఆ అక్షరం గురించి మాట్లాడుకున్నది. ఆపిల్ సంస్థ అదే నెలలో దాన్ని సరిదిద్దింది. కోట్లాది మంది రాసే భాషలోని అక్షరమే అయినా, ఆ కూర్పు వారి పరీక్షలలో పట్టుబడలేదు. ఏ భాషతో పరీక్షిస్తే ఆ భాషలోని తప్పులే బయటపడతాయి. ఏ చేతితో పరీక్షిస్తే ఆ చేతి ఇబ్బందులే తెలుస్తాయి. తెలుగు పాఠం, ఇంగ్లీషు పాఠం పక్కపక్కన పెట్టుకుని చదివే కృష్ణాజిల్లా పిల్ల చేతికి ఇచ్చి చూడకపోతే, ఆ పిల్లకు ఏం కావాలో తయారు చేసేవారికి ఎట్లా తెలుస్తుంది?

మీరే చేసి చూడండి

ఈ పనికి ట్యాబ్లెట్టు అక్కరలేదు. కాగితాలు చాలు. తెర తయారు చేయకముందు ఇంజనీర్లు కూడా కాగితాలతోనే నమూనా చేసి చూస్తారు.

మొదటి పరీక్ష: చూపుడు వేలికి సిరా అద్ది, లెక్కల గళ్ళ కాగితం మీద మామూలుగా తెరను తాకినట్టే తాకండి. మచ్చ ఎన్ని మిల్లీమీటర్లు వచ్చిందో కొలవండి. మీ తమ్ముడి చేత, మీ తాతయ్య చేత కూడా వేయించండి. ముగ్గురి మచ్చలలో పెద్దదానికి సరిపోయేటట్టు ఒక చదరం గీయండి. మీ ఇంటి పలకకు గుర్తులు అంత ఉండాలన్నమాట.

రెండవ పరీక్ష: ఏ4 కాగితం 13 అంగుళాల తెర కంటె కొంచెమే పెద్దది. దాన్ని ఒక అట్ట మీద అంటించండి. అది మీ పలక. వేరే కాగితాల మీద తెలుగు పాఠం, ఇంగ్లీషు పాఠం, నిఘంటువు, నోటుపుస్తకం రాసి, కిటికీలుగా కత్తిరించండి. అక్షరాల మీటల కోసం మరొక కాగితం. ఇప్పుడు ముగ్గురు కావాలి. ఒకరు పలక వాడేవారు. ఒకరు యంత్రం. యంత్రం మాట్లాడకూడదు. వాడేవారు ఎక్కడ వేలు పెడితే దాన్నిబట్టి కిటికీలను జరపటం, తీయటం, పెట్టటం మాత్రమే చేయాలి. మూడవవారు కాగితం, పెన్సిలు పట్టుకుని గమనిస్తూ ఉండాలి.

వాడేవారికి ఒక పని చెప్పండి: ‘ఇంగ్లీషు పాఠంలో తెలియని మాట పట్టుకుని, దాని తెలుగు అర్థం నోటుపుస్తకంలో రాయి.’ వేలు ఎక్కడ తడబడిందో, ఏ కిటికీ అడ్డం వచ్చిందో, వారు ఎక్కడ ఆగి ఆలోచించారో మూడవవారు రాసుకోవాలి. ఆట అయ్యాక ఆ రాతలు చదివి, కిటికీలను కత్తిరించో, అతికించో మార్చండి. మళ్ళీ ఆడండి. ఈసారి వాడే పని మీ అమ్మగారికో, నాన్నగారికో అప్పజెప్పండి. వారు ఎక్కడైనా తడబడితే నవ్వకండి. తడబడినప్పుడు వారు తప్పు చేసినట్టు కాదు, మీ కిటికీలో తప్పు ఉన్నట్టు లెక్క.

ఈ ఆట రెండు మూడు సార్లు ఆడితే మీకు ఒక సంగతి తెలిసిపోతుంది. మొదట ఎవరికైనా ఆరు కిటికీలు పెట్టాలని ఉబలాటంగా ఉంటుంది. చివరకు చాలామందికి రెండో, మూడో మిగులుతాయి. ఆ మిగిలినవి మాత్రం అక్షరం తెగకుండా, వేలికి అందేటట్టు, ఒకదానికొకటి తోడుగా ఉంటాయి.

మీ పలకకు ఒక పేరు పెట్టి, బొమ్మ గీసి, తారీఖు వేసి దాచుకోండి. ఎప్పుడైనా తెర మీద తెలుగు వత్తు తెగి కనిపించినా, గుర్తు అందకపోయినా, ‘నాకు చేతకాలేదు’ అనుకుని ఊరుకోకండి. ఏది ఎక్కడ తెగిందో ఒక కాగితం మీద రాసి, బొమ్మ గీసి, మీ పంతులుగారికో పంతులమ్మగారికో చూపించండి. తయారు చేసేవారి దగ్గరికి ఆ కాగితం చేరితే, వారికి అదే మొదటి పాఠం.